ఆగయ్య స్పీకర్ల పంచాయితీ

ఎనభై ఒకటో సంవత్సరం నాటి మాట. దబీర్‌పురా రైలు స్టేషను వెనక సందులో ఆగయ్య కాపురం. కంచన్‌బాగ్ అవతల ఒక ఫోర్జింగ్ కార్ఖానాలో సుత్తి నడపడం ఆయన పని. సుత్తి అంటే చేత్తో పట్టుకునే సుత్తి అనుకునేరు! ఇల్లంత ఎత్తు యంత్రం అది. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెను కింద పెడితే పైనుంచి దభీమని పడి రొట్టెలా అణిచేసేది. పడ్డప్పుడల్లా కాళ్ల కింద నేల అదిరేది. ఆ షెడ్డులో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. బొటనవేలు పైకెత్తితే గట్టిగా కొట్టమని, అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని, ముక్కు పట్టుకుంటే ఇంజనీరు వస్తున్నాడని అర్థం.

అట్లాంటి చోట పనిచేసే మనిషికి పాటల పిచ్చి ఎందుకయ్యా అంటే, అది తండ్రి నుంచి వచ్చింది. తండ్రి దుర్గయ్య చిరుతల భజనలో ముందు నిలబడే మనిషి. చిరుతలంటే చేతి చెక్కలు, వాటికి ఇత్తడి బిళ్లలు ఉంటాయి. పదిమంది ఒక్క తాళానికి కలిపి ఆడిస్తే గల్లుగల్లుమని మోగేవి. చిన్నప్పుడు ఆ గలగల వింటూ తండ్రి భుజం మీదే నిద్రపోయిన వాడు ఆగయ్య. తండ్రి పోయాక జుమ్మెరాత్ బజారులో ఒక పాత రికార్డు ప్లేయరు కొని తెచ్చుకున్నాడు. దానికి ఆంప్లిఫయరు ఒకటి కట్టించాడు. గోడలో ఉన్న రెండు గూళ్లలో రెండు చిన్న స్పీకర్లు పెట్టాడు. చిరుతల భజన రికార్డు ఒకటి ఎక్కడో దొరికితే అపురూపంగా దాచుకున్నాడు.

ఆ స్పీకర్లను స్పీకర్లనడం ఆగయ్య మంచితనం. చూసినవాళ్లు పావురాలకు కట్టిన డబ్బాలనుకునేవారు. మొదట్లో పర్వాలేదు గానీ, రానురాను వాటి గొంతు జలుబు చేసినట్టు అయిపోయింది. డోలకు దబదబ వినపడేది. పాడేవాడి గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉండేది. చిరుతలు మాత్రం పూర్తిగా మాయమైపోయాయి. భజనలో చిరుతలు లేకపోతే ఇంకేముంది, ఉప్పులేని పప్పే!

అది ఆయనకున్న మొదటి బాధ. రెండోది భార్య రాజమణి. పెండ్లైన కొత్తలో ఆమె నోరు మూతపడేది కాదు. బియ్యం ఏరుతూ ఒక కథ, బట్టలు ఆరేస్తూ ఒక కథ. పిల్లలు కలగలేదు, ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా ఇల్లు నిండుగా ఉండేది. అట్లాంటి మనిషి కొన్నేళ్లుగా మాట తగ్గించేసింది. ఎప్పుడైనా మాట్లాడినా నోట్లో నోట్లోనే గొణుగుతుంది. ఏమన్నావని అడిగితే "ఏం లేదు తియ్యి" అని మొహం తిప్పుకుంటుంది. ఆమెకు తనమీద మనసు విరిగిందని ఆగయ్య తేల్చుకున్నాడు. ఎందుకు విరిగిందో అడగాలంటే భయం. ఏం చెబుతుందోనని భయం! ఇనుము కాలుతుంటే దగ్గరికి పోయే మనిషి, పెండ్లాం దగ్గరికి పోయి ఒక్క మాట అడగలేకపోయాడు.

అందుకని మగవాళ్లు చేసే పనే చేశాడు. అడగవలసిన మాట వదిలేసి సామాను కొనడానికి బయలుదేరాడు. మంచి స్పీకర్లు వస్తే ఇంట్లో పాట వస్తుంది, పాట వస్తే రాజమణి వచ్చి కూర్చుంటుంది, కూర్చుంటే మాట వస్తుంది. ఇదీ ఆయన లెక్క. తప్పుడు లెక్కే గానీ చెడ్డ లెక్క కాదు.

మీరాలం మండి పక్కన బాలకిషన్‌కు రేడియోల దుకాణం ఉండేది. తాతల నాటి నుంచి ధాన్యం వ్యాపారం చేసిన ఇల్లు వాళ్లది. ఈయన ఒక్కడే రేడియోల్లో దిగాడు. వాళ్ల నాయన ఇప్పటికీ దాన్ని "లొల్లి దుకాణం" అనేవాడు. ఆగయ్య పోయేసరికి బాలకిషన్ బొంబాయి నుంచి వచ్చిన స్పీకర్ల జత ఒకటి తుడుస్తున్నాడు. నున్నటి చెక్క, ముందు నల్లటి జాలీ. ఆగయ్య వేలితో ఒకసారి తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అవి మనసొంటోళ్లకు గాదు గని, నా డబ్బాలకు ఏమన్న దవా జెప్పు భాయ్" అన్నాడు.

"దవా ఉన్నది. నీ డబ్బాల ఒక్కటే స్పీకర్ ఉన్నది. గదే డోలక్ కొట్టాలె, గదే చిరుతలు ఆడాలె. ఎట్లయితది? లావు సప్పుడుకు పెద్దది, సన్న సప్పుడుకు బుడ్డది, రెండు వేరే వేరే ఉండాలె. మా వడ్లాయనతోని మందం చెక్క డబ్బాలు చేపిస్త. లోపట దూది పెడ్త. ఆంప్లిఫయర్ నీదే నడుస్తది. నీ దీపావళి బోనస్ దాటనియ్య, ఫికర్ చెయ్యకు."

"చిరుతలు ఇనవడ్తయా?"

"ఇనవడకుంటె తెచ్చి నా నెత్తిన వెట్టు."

ఆ మాట మీద ఆగయ్య ఒప్పుకున్నాడు. వడ్లాయన అంటే వడ్రంగే, వాళ్ల సంగతి తెలిసిందే కదా, రేపు అంటే ఎల్లుండి, ఎల్లుండి అంటే పై వారం. దీపావళి వెళ్లిన రెండు మూడు రోజులకు గానీ డబ్బాలు తయారు కాలేదు. రిక్షాలో పెట్టుకుని, పాలిష్ వాసన సందంతా కొడుతుండగా తెచ్చాడు. తీరా గూట్లో పెట్టబోతే పట్టలేదు! గూడు కొలత తీసుకోవాలని బాలకిషన్‌కూ తోచలేదు, ఈయనకూ తోచలేదు. రాజమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్లకో ఆ నవ్వు చూసి ఆగయ్యకు గూళ్ల మీద కోపం కూడా రాలేదు. రెండు స్టూళ్లు తెచ్చి, వాటి మీద స్పీకర్లు నిలబెట్టి, తీగలు కలుపుతున్నాడు.

సరిగ్గా అప్పుడే సందులో అలికిడి అయింది. చంద్రుడు కనపడ్డాడట. మొహర్రం నెల మొదలైంది. పక్కింటి మీర్జా సాబు నల్లటి షేర్వాణీ తొడుక్కుని తన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

ఆ సందులో ఒక పద్ధతి ఉంది. నెల పొడిచిందంటే పదో రోజు దాకా ఏ ఇంట్లోనూ పాట మోగదు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఆగయ్య వాళ్లకూ అది పీర్ల పండుగే. దుర్గయ్య ఉన్నన్నాళ్లు పీర్లకు మలీద ముద్దలు చేయించి పట్టుకుపోయేవాడు. ఆగయ్య చేతిలో తీగ చేతిలోనే ఉండిపోయింది. మనసు ఉసూరుమంది. అయినా ఒక్క మాట అనకుండా పాత ధోవతి తెచ్చి స్పీకర్ల మీద కప్పాడు.

ఇంకో విడ్డూరం, ఆ వారమే కార్ఖానాలో సుత్తి కింది పునాది దిమ్మ పగిలింది. దాన్ని తవ్వి మళ్లీ కట్టేదాకా సుత్తి నడవదని షెడ్డు వాళ్లందరికీ సెలవిచ్చారు. పని లేదు, పాట లేదు. కొత్త స్పీకర్లు ఎదురుగా ముసుగేసుకుని కూర్చున్నాయి. కాళ్లు చేతులు కట్టేసినట్టు ఆగయ్య ఇంట్లో పడి ఉన్నాడు.

మొదట రెండు రోజులు విసుగ్గా ఉంది. తరువాత ఒక చిత్రం మొదలైంది. ఎసరు మరుగుతుంటే ఆ బుడబుడ వినపడింది. గాజులు వినపడ్డాయి. ఒకరోజు రాజమణి పొయ్యి దగ్గర నుంచి "కూరల చింతపండు ఎక్కువైంది" అని తనలో తాను అనుకుంటే, ఆగయ్య ముందు గదిలోంచి "పర్వలేదు, గట్లనే బాగుంటది" అన్నాడు. రాజమణి గరిటె పట్టుకుని వచ్చి ఆయన్ని వింతగా చూసింది. ఆ పూట పక్కన కూర్చుని అన్నం వడ్డించింది. మరునాడు నీళ్ల పంపు దగ్గర జరిగిన కొట్లాట చెప్పింది. ఆ మరునాడు తన మేనమామ గాడిదను కొనబోయి మోసపోయిన కథ చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

ఈమెకు ఏదో మంచి బుద్ధి పుట్టింది, గొణుగుడు మానేసింది అనుకున్నాడు ఆగయ్య. ఈయనకే ఇన్నాళ్లకు బుద్ధి వచ్చింది, మనిషిని మనిషిలా చూస్తున్నాడు అనుకుంది రాజమణి. ఎదుటివాళ్లే మారారని ఇద్దరికీ గట్టి నమ్మకం. కాపురాలన్నీ ఇట్లాగే నడుస్తాయి కాబోలు!

పదో రోజు పీర్లు వెళ్లిపోయాయి. మరునాడు మీర్జా సాబు తానే పిలిచాడు. "ఆగయ్యా, మా ఇంట్ల నలభయ్యో దినం చెహ్లుం దాక పాట ఉండది. నీ ఇల్లు నీది. నువ్వు కొత్త డబ్బాలు తెచ్చి ముసుగేసి పెట్టినవని నాకెరికే. జర ఖిడ్కీ మూసి విను బేటా."

ఆగయ్య చేతులు జోడించాడు. కిటికీ మూసి, ధోవతి తీసి, భజన రికార్డు పెట్టి ముల్లు దించాడు. డోలకు ముందు వచ్చింది, దాని వెనక గొంతు వచ్చింది, ఆ తరువాత గల్లుమని చిరుతలు వచ్చాయి. ఒక్కొక్క బిళ్ల విడివిడిగా! ఆగయ్య అట్లాగే నేల మీద కూర్చున్నాడు. బొటబొటా ఏడ్చాడు. తండ్రిని తలుచుకుని ఏడుస్తున్నాడని రాజమణికి తెలిసింది. వచ్చి పక్కన కూర్చుంది.

ఇక తరువాతి నాలుగు రోజులూ పండుగే. గోడకు ఆనించి పెడితే డోలకు గుమ్మంటుందని ఆగయ్య స్టూళ్లను ముందుకు లాగాడు. రెండిటినీ దగ్గర దగ్గర పెడితే ఒకటే డబ్బా పాడినట్టుందని రాజమణి దూరంగా జరిపించింది. ఒక స్టూలు పొట్టిదైతే కింద ఇటుక పెట్టారు. చెవి ఎత్తుకు రావాలని మళ్లీ ఇంకో ఇటుక. ఇద్దరూ నడుమ చాప వేసుకుని కూర్చునేవారు. ఎక్కడ జరిపితే ఏమైందో ఒకరికొకరు చెప్పుకునేవారు. అదే పెద్ద కచేరీ.

తరువాత సుత్తి బాగైంది.

మొదటి రోజు పని చేసి వచ్చి రికార్డు పెడితే ఏదో మసకగా తోచింది. అలసటేమోలే అనుకున్నాడు. రెండో రోజు ముల్లు తుడిచాడు. మూడో రోజు తీగలు మార్చాడు. వారం తిరిగేసరికి చిరుతలు మళ్లీ మాయం. కొత్త స్పీకర్లు అచ్చం పాత వాటిలాగే జలుబు గొంతుతో పాడుతున్నాయి. ఇటుకలు తీశాడు, పెట్టాడు. ఎలుకలు తీగ కొరికాయేమోనని డబ్బా వెనక దీపం పెట్టి చూశాడు. చివరికి ఆయన చూపు రాజమణి మీద పడింది. పొద్దున ఆమె స్పీకర్ల మీది దుమ్ము తుడవడం గుర్తొచ్చింది.

"తడిగుడ్డ వెట్టినవా? బుడ్డ స్పీకర్ కరాబ్ చేసినవ్!"

రాజమణి ఏదో అంది. ఆయనకు గొణిగినట్టే వినపడింది.

"గా గొణుగుడు మల్ల షురూ చేసినవా? జెప్పేది నోరు దెరిచి జెప్పు!" అని అరిచాడు.

ఆమె మొహం నల్లబడింది. లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. ఆగయ్యకు అన్నం సహించలేదు. దొరికినట్టే దొరికి చెయ్యి జారిపోయింది. ఆ స్పీకర్లు బాగైతే తప్ప ఇల్లు బాగుపడదని ఆయన మనసులో పడిపోయింది. ఆదివారం పొద్దున్నే రిక్షా పిలిచి డబ్బాలెత్తాడు. ఎక్కబోతుంటే రాజమణి చీర కొంగు దోపుకుని వచ్చి నిలబడింది.

"నేను గూడ వస్త" అంది, ఈసారి గట్టిగానే. "తడిగుడ్డ వెట్టిన్నని నింద వేస్తివి. గా బాలకిషనన్న డబ్బా ఇప్పి చూస్తడు గద, అప్పుడు తేలుతది."

ఒళ్లో ఒక స్పీకరు ఆయన, ఒళ్లో ఒక స్పీకరు ఆమె. దారి పొడుగునా ఇద్దరూ చెరొక పక్కకు చూస్తూ పోయారు.

బాలకిషన్ డబ్బాలు విప్పి చూశాడు. తడి లేదు, తీగ తెగలేదు. దుకాణంలోని ఆంప్లిఫయరుకు తగిలించి, ఆగయ్య తెచ్చిన రికార్డే పెట్టాడు. కాసేపు తల ఊపుతూ విని, "ఏమైంది భాయ్? మంచిగ పాడుతున్నయ్ గద!" అన్నాడు.

"డోలక్ ఇనవడుతుంది. చిరుతలేవి?"

"గల్లుగల్లుమంటున్నయ్ గదా!"

"ఏడ? నన్ను పిచ్చోని లెక్క జేస్తున్నవా?"

బాలకిషన్‌కు చిర్రెత్తింది. బేరాల మధ్య పెరిగిన మనిషి, ఆయనకు తోచేది తోచింది. "గట్ల జెప్పు. బోనస్ పైసలు కర్సయినయ్, గిప్పుడు వాపస్ ఇయ్యాలె. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా స్పీకర్ల మీద వెడుతున్నవ్!"

"నేను అబద్ధమాడుతున్ననా? నేనా?" అని ఆగయ్య లేచాడు. రేడియో బాగు చేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ముసలాళ్లు అడ్డం వచ్చారు. బయట రిక్షావాడు తమాషా చూడటానికి గుమ్మంలోకి వచ్చాడు.

రాజమణి తలుపు దగ్గర నిలబడి మొగుడి మొహాన్నే చూస్తోంది. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు మొహం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. చెవులు ఎర్రబడతాయి, మీసం దువ్వుకుంటాడు. ఇప్పుడవేవీ లేవు. చిరుతలు ఆమెకు చక్కగా వినపడుతున్నాయి. ఆయనకు వినపడటం లేదు, అదీ నిజమే. రెండూ ఎట్లా నిజమవుతాయి?

ఆమె బాలకిషన్‌కు చెయ్యి చూపి పాట ఆపించింది. ఆగయ్య వెనక్కి వెళ్లి, రోజూ ఇంట్లో పిలిచే గొంతుతోనే పిలిచింది.

"ఇగో, ఇటు జూడు."

బాలకిషన్ చూశాడు. ముసలాళ్లిద్దరూ చూశారు. గుమ్మంలో రిక్షావాడు కూడా తనను కాదు కదా అని చూశాడు. ఆగయ్య మాత్రం ఆగిపోయిన రికార్డు వైపు చూస్తూ, "ఎందుకు బంజేసినవ్?" అని బాలకిషన్‌ను అడుగుతున్నాడు.

ఆమె ఇంకోసారి పిలిచింది. ఇంకోసారి. తరువాత ముందుకు వచ్చి ఆయన భుజం పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు.

"పిలిచినవా?"

"పిలుస్తనే ఉన్న" అంది. కళ్లలో నీళ్లు నిండాయి. "ఎన్నేండ్ల సంది పిలుస్తున్ననో!" తరువాత బాలకిషన్ వైపు తిరిగి, "అన్నా, నీ డబ్బాలు మంచిగున్నయ్. కరాబయింది ఈయన చెవులు. గా సుత్తి తిన్నది" అంది.

"నాకు చెవుడా! నెత్తి కరాబైందా నీకు?" అని ఆగయ్య గర్జించాడు. దుకాణంలో ఎవరూ నవ్వలేదు. అప్పుడే ఆయనకు కాస్త భయం వేసింది. సుత్తి లేని రోజులు గుర్తొచ్చాయి. ఎసరు బుడబుడ, గాజులు, గాడిద కథ, చిరుతలు. సుత్తి నిలబడ్డప్పుడు వచ్చినవన్నీ సుత్తి నడవగానే పోయాయి. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. బాలకిషన్ అనరాని మాట అన్నందుకు సిగ్గుపడి, టీ తెప్పించి, "మాఫ్ చెయ్యి భాయ్" అన్నాడు. ఆగయ్య ఆ టీ తాగలేదు.

ఇంటికి వచ్చాక రాజమణి ఆయన ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుంది. ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"తమ్ముని పెండ్లికి ముందుగాల పోతనన్న. నువ్వు పలకలె. పెండ్లి నాడే పోయిన. మన సందుల చంద్రమ్మ దగ్గర కుట్టు మిషన్ నేర్సుకుంటనన్న. పలకలె. ఊకున్న. ఒకనాడు నువ్వు అన్నం తింటుంటె యెనక నిలవడి, నేనంటె మనసు ఇరిగిందా అని అడిగిన. తింటనే ఉన్నవ్."

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ సామెత కట్టినవాడు రాజమణి పుట్టింట్లో పుట్టలేదు. వాళ్ల నాయన ఇష్టం లేని మాటకు జవాబిచ్చేవాడు కాదు, అంతే. ఆ ఇంట్లో మాట్లాడకపోవడమంటే వద్దనడమే. అది చూసి పెరిగిన మనిషి, మొగుడు పలకనిదల్లా వద్దన్నట్టే లెక్కేసుకుంది. అట్లా ఎన్ని కోరికలు ఊరికే పాతిపెట్టిందో!

ఆగయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నాకు ఇనవడలేదే! ఒట్టు, ఇనవడలె. నువ్వే నామీద అలిగినవనుకున్న. మల్ల అడుగు. గవన్ని మల్ల అడుగు."

"గిప్పుడు గాదు" అంది ఆమె కొంగుతో ఆయన మొహం తుడుస్తూ. "గిప్పుడు అడిగితె ఏడ్సుకుంట అన్నిటికి సరే అంటవ్. నువ్వు ఇని చెప్పాలె."

చెవుల డాక్టరు దగ్గరికి ఆమే తీసుకుపోయింది. డాక్టరు చూసి చెప్పింది ఒకటే. పోయిన కొంత ఇక రాదు. రోజూ సుత్తి మోతకు మొద్దుబారి, విశ్రాంతి ఇస్తే తేరుకునేది ఇంకా కొంత ఉంది. దాన్ని కాపాడుకోకపోతే అదీ పోతుంది. ఆగయ్య చెవిలో "ఇంకా ఉంది" అన్న మాట ఒక్కటే నిలబడింది.

కార్ఖానా స్టోరులో చెవులకు పెట్టుకునే డొప్పలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎవడూ ముట్టడు. సుత్తి దగ్గర చెవులు మూసుకోవడమంటే పిరికితనం. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కే సుత్తి అది, దాని గొంతు వినలేనివాడు దాన్నేం నడుపుతాడని మేస్త్రీ శివయ్య మాట. చెవుడు రావడాన్ని ఆ షెడ్డులో నౌకరీ పక్కా అయినట్టే చూసేవారు. ఆగయ్య కూడా కొత్తవాళ్లను అట్లా ఆట పట్టించినవాడే.

పై సోమవారం పొద్దున ఆయన డొప్పలు దుమ్ము దులిపి తగిలించుకుని సుత్తి దగ్గరికి నడిచాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది. శివయ్య వచ్చి అడ్డం నిలబడ్డాడు. సుత్తి ఇంకా మొదలుపెట్టలేదు గనక నోటితోనే మాట్లాడాడు.

"ఏందిర ఆగయ్యా, చెవులకు కమ్మలు వెట్టుకొచ్చినవ్? తియ్యి. చెవులు మూసినోన్ని సుత్తి మీద నిలవెట్ట."

ఆగయ్య డొప్ప ఒకవైపు ఎత్తాడు. "శివయ్యన్నా, ఈడ మనం చేతులతోని మాట్లాడుకుంటం. పొద్దుగూకే దాక ఒక్క మాట నోటితోని అనం. ఈడ నాకు చెవులెందుకు? చెవులు నాకు ఇంట్ల కావాలె."

శివయ్యకూ ఇంట్లో ఒక పెండ్లాం ఉంది. ఆగయ్య మొహం చూసి, పక్కకు తప్పుకుని, బొటనవేలు పైకెత్తాడు. ఆ రోజు సుత్తి ఎప్పటిలాగే పడింది. ఒక్క దిమ్మె పాడు కాలేదు. నవ్వు రెండు మూడు వారాలు సాగి, చప్పబడిపోయింది. సంక్రాంతి లోపలే ఇంకో ఇద్దరు స్టోరుకు పోయి డొప్పలు తెచ్చుకున్నారు. శివయ్య మాత్రం తెచ్చుకోలేదు గానీ, దూది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే చెవిపోటు అనేవాడు.

చిరుతలు ఒక్కనాడే తిరిగి రాలేదు. ముందు గొంతు మీది దుప్పటి తొలగింది. తరువాత ఎక్కడో దూరంగా గలగల మొదలైంది. ఇదివరకటి అంత స్పష్టంగా కొన్ని రాలేదు, కొన్ని ఇక రావు కూడా. అయినా ప్రతి ఆదివారం ఆయన స్పీకర్ల నడుమ చాప మీద కూర్చుని, ఈ వారం ఎంత వచ్చిందో చూసుకునేవాడు.

అట్లాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం. పాట సన్నగా సాగుతోంది. ఆగయ్య గుమ్మం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. వెనక వంటింట్లో రాజమణి గిన్నెలు తోముతూ, ఎప్పటి గొంతుతోనే అడిగింది.

"నేను చంద్రమ్మ దగ్గర కుట్టు నేర్సుకుంట. పోనా?"

"పో" అన్నాడు ఆగయ్య, తిరగకుండానే. "మొదలు నా అంగీ మీద మాత్రం కత్తెర వెట్టకు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. తరువాత ఆమె గొంతు మళ్లీ వచ్చింది.

"వచ్చే నెల అమ్మగారింటికి పోయి పదిహేను దినాలు ఉండి వస్త."

"పదిహేను దినాలా? వద్దు. ఎట్లుంటనే నేను ఒక్కన్ని?"

రాజమణి తడి చేతులతోనే పరుగున వచ్చింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, మొహమంతా నవ్వు. ఇన్నేళ్లుగా ఎన్ని వద్దులు మింగింది! వాటిలో ఒక్కదాంతోనూ కొట్లాడటానికి వీల్లేకపోయింది. ఇది నోటితో అన్న వద్దు.

"ఎందుకు వద్దు?" అంది నడుము మీద చేతులు పెట్టుకుని. "ఎందుకు వద్దో జెప్పు!"

ఆగయ్య చెయ్యి చాచి పాట ఆపేశాడు. చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కదానికీ ఒప్పుకోలేదు. ఆ కొట్లాట మీర్జా సాబు ఇంటి దాకా వినపడింది.